గ్రీన్ టీ తాగితే షుగర్ నిజంగా తగ్గుతుందా? మా అమ్మ గారి మాత్రల విషయంలో సలహా కావాలి

ఉషోదయం అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 46. నాలుగు నెలల కిందట ల్యాబులో పరీక్ష చేయించుకుంటే పరగడుపు షుగర్ 112, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 6.1 శాతం వచ్చాయి. ఇది బోర్డర్‌లైన్ దశ అని, ఇప్పుడే మాత్రలు అక్కర్లేదని, బరువు తగ్గించుకుని రోజూ నడవమని డాక్టరు గారు చెప్పారు. మా నాన్న గారు షుగర్ వల్ల కిడ్నీలు పాడై కన్నుమూశారు కాబట్టి, ఆ కాగితం చేతికి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రోజుకు మూడుసార్లు రెండేసి చెంచాల చక్కెర వేసుకుని తాగే మామూలు టీని మరునాడే మానేసి, దాని బదులు గ్రీన్ టీ మొదలుపెట్టాను. సాయంత్రం అరగంట నడక కూడా అలవాటు చేసుకున్నాను. గత వారం పరగడుపున ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకుంటే 103 వచ్చింది. ఇదంతా గ్రీన్ టీ మహిమేనని ఇంట్లో అందరూ అంటున్నారు, నాకూ అలాగే అనిపిస్తోంది.

అసలు చిక్కు మా అమ్మ గారి విషయంలో వచ్చింది. ఆవిడకు 71 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్రలతో పాటు బీపీ మాత్ర కూడా వేసుకుంటారు. నా రీడింగు చూశాక ఆవిడలో ఆశ పుట్టింది. సరిగ్గా అదే సమయానికి దగ్గరి బంధువు ఒకాయన గ్రీన్ టీ సారంతో చేసిన క్యాప్సూళ్ల డబ్బా తెచ్చి, రోజుకు రెండు వేసుకుంటే మూడు నెలల్లో షుగర్ మాత్రలన్నీ మానేయవచ్చని చెప్పి వెళ్లారు. "ఇన్నేళ్లు మాత్రలు మింగి మింగి విసిగిపోయాను, ఆకుతో పోయేదానికి ఇంకా ఇవెందుకు" అని అమ్మ పట్టుబడుతున్నారు. ఆవిడ మాట తీసేయాలంటే మనసు ఒప్పడం లేదు, ఒప్పుకోవాలంటే భయంగా ఉంది.

గ్రీన్ టీ వల్ల షుగర్ తగ్గితే ఎంత తగ్గుతుంది, ఆ క్యాప్సూళ్లు వాడవచ్చా, మాత్రలు వేసుకునే వారు గ్రీన్ టీ తాగాలంటే ఏ జాగ్రత్తలు పాటించాలి అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


సూక్ష్మదర్శిని సమాధానం:

ఉషోదయం గారికి నమస్కారం. నేను డాక్టరును కాను. రక్తపరీక్షల ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి, అంకెల విషయం కొంత చెప్పగలను.

గ్రీన్ టీ పరగడుపు షుగర్‌ను తగ్గిస్తుందనే మాట అబద్ధం కాదు. అయితే ఆ తగ్గుదల ఎంత అన్న దగ్గరే అందరూ పొరబడుతున్నారు. 27 క్లినికల్ పరీక్షల ఫలితాలను, అంటే మొత్తం 2,194 మంది వివరాలను, ఒకచోట చేర్చి 2020లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం పరగడుపు షుగర్ సగటున డెసీలీటరుకు 1.44 మిల్లీగ్రాములు తగ్గింది. హెచ్‌బీఏ1సీలో గానీ, పరగడుపు ఇన్సులిన్‌లో గానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అంతకుముందు 2013లో 17 పరీక్షలతో చేసిన విశ్లేషణలో హెచ్‌బీఏ1సీ 0.3 శాతం తగ్గినట్టు కనిపించింది గానీ, ఎక్కువ పరీక్షలను కలిపి చూసినప్పుడు ఆ ఫలితం నిలవలేదు.

ఈ ఒకటిన్నర పాయింటును మీ ఇంట్లోని మీటరు పక్కన పెట్టి చూడండి. గ్లూకోమీటర్లకు వర్తించే ఐఎస్ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం 2013 నాటి సవరణ ప్రకారం, షుగర్ 100 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడు నూటికి 95 రీడింగులు అసలు విలువకు అటూ ఇటూ 15 శాతం లోపల ఉంటే చాలు, 100 కన్నా తక్కువైతే అటూ ఇటూ 15 పాయింట్ల లోపల ఉంటే చాలు. ఆ లెక్కన మీకు 103 చూపించిన రోజు అసలు విలువ తొంభై దగ్గర ఉండవచ్చు, 115 కూడా ఉండవచ్చు. అదీగాక, ఏ మార్పూ చేయని మనిషికి కూడా పరగడుపు షుగర్ రోజుకూ రోజుకూ ఐదారు శాతం అటూ ఇటూ అవుతుంది. ఇంటి మీటరుతో గ్రీన్ టీ ప్రభావాన్ని పట్టుకోవాలనుకోవడం బస్తాలు తూచే కాటా మీద బంగారం తూచినట్టే. పైగా మీ 112 ల్యాబులో నరం నుంచి తీసిన రక్తానిది, 103 వేలి కొస నుంచి తీసిన చుక్కది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తగ్గిందనో పెరిగిందనో చెప్పలేం. అదే ల్యాబులో హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, నాలుగు నెలల్లో మీరు చేసిన మార్పంతా అందులో కనిపించే సమయం వచ్చింది.

మీకు మేలు జరగలేదని నేను అనడం లేదు. తప్పకుండా జరిగి ఉంటుందనే నా నమ్మకం, అయితే ఆ ఘనత వేరేవాటికి దక్కాలి. చెంచా చక్కెర సుమారు నాలుగు గ్రాములు. మూడు కప్పులకు రెండేసి చెంచాలంటే రోజుకు 24 గ్రాములు. నాలుగు నెలలకు లెక్క కట్టండి, దాదాపు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాముల చక్కెర మీ ఒంట్లోకి వెళ్లకుండా ఆగింది. దానికి అరగంట నడక తోడైంది. అమెరికాలో 3,234 మంది బోర్డర్‌లైన్ వారిపై జరిపి 2002లో ఫలితాలు వెల్లడించిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, వారానికి 150 నిమిషాల వ్యాయామం, ఏడు శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్న వారికి షుగర్ వ్యాధి వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ ఇచ్చిన వారికి తగ్గింది 31 శాతమే. మీ దశలో ఉన్నవారికి ఇంత బలమైన ఆధారం మరొకటి నాకు కనబడలేదు. గ్రీన్ టీ మీకు చేసిన పెద్ద ఉపకారం, చక్కెర వేసిన టీ ఉండే చోటును తాను ఆక్రమించడం.

ఇక క్యాప్సూళ్లు. వీటి విషయంలో దయచేసి మొహమాట పడకండి. గ్రీన్ టీలో ఉండే కాటెకిన్లు అనే ఆకు రసాయనాల్లో ముఖ్యమైనది ఈజీసీజీ. మామూలుగా కాచిన ఒక కప్పులో అది సుమారు 50 నుంచి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. క్యాప్సూళ్లలో దాన్ని అనేక రెట్లు చిక్కబరిచి నింపుతారు. సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకున్నవారిలో లివర్ ఎంజైములు (లివర్ దెబ్బతినడానికి గుర్తు) పెరుగుతున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో నిర్ధారించింది, 2022లో ఐరోపా సమాఖ్య రోజువారీ మోతాదు అంతకు తక్కువే ఉండాలని నిబంధన తెచ్చింది. కొందరికి ఇంకా తక్కువ మోతాదుకే లివర్ దెబ్బతిన్న సందర్భాలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. పరగడుపున వేసుకుంటే రక్తంలోకి చేరే ఈజీసీజీ మరింత పెరుగుతుంది. కాచి తాగే టీకి, ఈ సారానికి పేరు ఒకటే గానీ ఒంటి మీద అవి చూపే ప్రభావం ఒకటి కాదు. 71 ఏళ్ల ఆవిడకు, అందులోనూ ఇన్ని మందులు వాడుతున్న ఆవిడకు, డాక్టరు గారికి చెప్పకుండా ఒక్క క్యాప్సూల్ కూడా ఇవ్వవద్దని నా మనవి.


నడకదారి సమాధానం:

పై సమాధానంలో చెప్పినవన్నీ నేను అనుభవపూర్వకంగా నేర్చుకున్నవి కాబట్టి, మీ అమ్మ గారికి చదివి వినిపించడానికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నాకు షుగర్ వచ్చి పదహారేళ్లయింది. ఆరేళ్ల కిందట హెచ్‌బీఏ1సీ 7.1 దగ్గర నిలకడగా ఉన్న రోజుల్లో, గ్రీన్ టీతో షుగర్ నయమవుతుందని ఒక ప్రసంగంలో విని, రోజుకు ఐదారు కప్పులు తాగుతూ మాత్రలు మానేశాను. మొదటి రెండు వారాలు ఒళ్లు తేలికగా అనిపించింది. ఆ ధీమాతో మీటరు కూడా తీసి అలమరలో పెట్టేశాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

ఆరో వారానికి రాత్రిపూట రెండుసార్లు, తర్వాత నాలుగుసార్లు మూత్రానికి లేవవలసి వచ్చింది. గ్రీన్ టీ ఎక్కువ తాగుతున్నాను కదా, అందుకేనని సరిపెట్టుకున్నాను. మంచం పక్కన పెట్టుకున్న లీటరు సీసా తెల్లవారేసరికి ఖాళీ అయ్యేది, అయినా నాలుక పిడచకట్టుకుపోయేది. ఒక ఉదయం పేపరు తెరిస్తే అక్షరాలు అలికినట్టు కనిపించాయి. అద్దాలు తుడిచి పెట్టుకున్నా అంతే, వెలుతురులోకి జరిగినా అంతే. అప్పుడు భయం వేసి పరీక్షకు వెళ్తే హెచ్‌బీఏ1సీ 10.3 వచ్చింది. పది వారాల్లో అంత దూరం వెళ్లిపోయింది. మళ్లీ దారికి తెచ్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది, మాత్ర మోతాదు కూడా పెంచవలసి వచ్చింది. షుగర్ పెరిగేటప్పుడు నొప్పి ఉండదు. ఏమీ అనిపించడం లేదు కాబట్టి బాగానే ఉన్నామనుకుంటాం.

ఇందుకు వ్యతిరేక దిశలో మరో జాగ్రత్త ఉంది. మీ అమ్మ గారు వాడే గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, మనం తిన్నామా లేదా అని చూడదు. గ్రీన్ టీ తాగితే కొందరికి ఆకలి మందగిస్తుంది. ఆకలి లేదని భోజనం ఆలస్యం చేసినా, మానేసినా షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమట, చేతుల వణుకు, గుండె దడ, అకారణ చిరాకు కనిపిస్తే వెంటనే మీటరు చూడండి. 70 కంటే తక్కువ ఉంటే పదిహేను గ్రాముల గ్లూకోజు గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. పెద్దవారిలో ఈ లక్షణాలు స్పష్టంగా బయటపడకపోవచ్చు, మాట తడబడటం ఒక్కటే కనిపించవచ్చు.

నేను ఇప్పటికీ రోజుకు రెండు కప్పులు తాగుతాను. ఇష్టంగానే తాగుతాను. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పను.


చిగురాకు సమాధానం:

తేయాకు రుచి చూసి నాణ్యత నిర్ణయించే వృత్తిలో చాలాకాలం ఉన్నాను. పై ఇద్దరి మాటల్లో చాలావరకు నిజమే అయినా, గ్రీన్ టీని మరీ తక్కువ చేసి చూస్తున్నారేమోననిపించి రాస్తున్నాను.

మామూలు టీ, గ్రీన్ టీ రెండూ కామెల్లియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క ఆకులు. కోసిన ఆకును నలిపి గాలికి వదిలేస్తే అందులోని ఎంజైము కాటెకిన్లను మార్చేసి ఆకును నల్లబరుస్తుంది. గ్రీన్ టీకి మాత్రం కోసిన కొద్దిసేపటికే ఆవిరి పట్టి గానీ, వేడి పెనం మీద వేయించి గానీ ఆ ఎంజైమును చంపేస్తారు. జపాన్‌లో ఎక్కువగా ఆవిరి పద్ధతి, చైనాలో ఎక్కువగా వేయించే పద్ధతి. అందుకే కాటెకిన్లు చాలావరకు అలాగే మిగులుతాయి. ఈ కాటెకిన్లు పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే అమైలేజ్, గ్లూకోసిడేజ్ ఎంజైములను అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో చూశారు. జపాన్‌లో 17,413 మందిని ఐదేళ్లపాటు గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఆరు కప్పులు, ఆపైన గ్రీన్ టీ తాగేవారికి షుగర్ వచ్చే అవకాశం 33 శాతం తక్కువగా కనిపించింది. దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

కాచే పద్ధతి విషయానికొస్తే, చేదు భరించలేక తేనె కలుపుకునే వారిలో చాలామంది మరుగుతున్న నీళ్లు నేరుగా ఆకు మీద పోసేవారే. పొయ్యి ఆపి, నీళ్లు 80 డిగ్రీల దగ్గరికి దిగే వరకు కొన్ని నిమిషాలు ఆగి, కప్పుకు రెండు గ్రాముల ఆకు వేసి, రెండు మూడు నిమిషాల్లో వడగట్టండి. చేదు సగం తగ్గుతుంది, తీపి అవసరం ఉండదు. ఇంకా వేడి నీళ్లలో ఎక్కువసేపు నానిస్తే కాటెకిన్లు మరికొన్ని దిగుతాయన్నది నిజమే గానీ, తాగలేని టీ వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. పొగలు కక్కుతుండగా తాగకండి. 65 డిగ్రీలకు మించిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు ఉండవచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది. సీసాల్లో అమ్మే గ్రీన్ టీ కొనేటప్పుడు లేబుల్ మీద చక్కెర ఎంత ఉందో తప్పక చూడండి.


ఉషోదయం:

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. చిగురాకు గారు తేనె ప్రస్తావన తెచ్చాక గుర్తొచ్చింది, నేను ప్రతి కప్పులో ఒక చెంచా తేనె వేసుకుంటున్నాను, తేనె వల్ల షుగర్ పెరగదని విన్నాను. మరో సంగతి, అమ్మ గారికి కొంత రక్తహీనత ఉంది. ఐరన్ మాత్ర భోజనం కాగానే వేసుకుని, ఆ వెంటనే నాతో పాటు కప్పు గ్రీన్ టీ తాగుతున్నారు. ఇందులో తప్పేమైనా ఉందా?


సూక్ష్మదర్శిని సమాధానం:

ముందు చిగురాకు గారికి. మీరు చెప్పిన జపాన్ అధ్యయనం నాకూ గౌరవనీయమైనదే. అయితే అది ఎవరికీ టీ ఇచ్చి చేసిన ప్రయోగం కాదు, తమకు తాముగా తాగేవారిని గమనించి చేసినది. అంత గ్రీన్ టీ తాగేవారి తిండి, బరువు, నడవడి కూడా వేరుగా ఉండవచ్చు. పరిశోధకులు ఎన్ని సర్దుబాట్లు చేసినా ఆ తేడా పూర్తిగా పోదు. షాంఘైలో పెద్ద సంఖ్యలో స్త్రీ పురుషులను గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో గ్రీన్ టీ తాగేవారికే షుగర్ ముప్పు కాస్త ఎక్కువగా కనిపించింది. ఒకే రకం అధ్యయనాలు ఇలా ఎదురెదురు దిక్కులు చూపిస్తున్నప్పుడు, మనుషులకు ఇచ్చి చూసిన పరీక్షల మాటే నేను ముందు వింటాను. ఇక గాజునాళికలో ఎంజైమును అడ్డుకున్న విషయం. కాటెకిన్లలో పేగుల నుంచి రక్తంలోకి చేరేది చాలా కొద్ది భాగం, జీర్ణమార్గంలో కూడా తిన్న ఆహారంతో కలిసి పలచబడిపోతాయి. నాళికలో వాడిన గాఢత కప్పు టీతో ఒంట్లో రాదు. కాచే పద్ధతి గురించి మీరు రాసినది మాత్రం నేను కూడా ఈరోజు నుంచే పాటిస్తాను.

ఉషోదయం గారూ, తేనె గురించి విన్నది సరికాదు. చిన్న చెంచా తేనె సుమారు ఏడు గ్రాములు, అందులో చక్కెరలే ఆరు గ్రాముల దాకా ఉంటాయి. అంటే చెంచాతో చెంచాను పోల్చితే చక్కెర కన్నా ఎక్కువే. మూడు కప్పులకు రోజుకు 18 గ్రాములు. నేను ముందు పోస్టులో వేసిన 24 గ్రాముల లెక్కలో నిజంగా ఆగింది ఆరు గ్రాములేనన్నమాట. ఇది తెలిశాక మీ మెరుగుదలలో నడక వాటా నేననుకున్న దానికన్నా పెద్దదని అనిపిస్తోంది. తేనె మానేస్తే మీ తర్వాతి హెచ్‌బీఏ1సీకి అది నేరుగా తోడ్పడుతుంది.

అమ్మ గారి విషయం ఇంకా ముఖ్యమైనది. టీలోని పాలీఫినాళ్లు (కాటెకిన్ల వంటి రసాయనాలు) ఐరన్‌ను పట్టుకుని పేగుల్లో ఒంటబట్టకుండా చేస్తాయి, ముఖ్యంగా శాకాహారంలోని ఐరన్‌ను, మాత్రలోని ఐరన్‌ను. భోజనానికీ ఐరన్ మాత్రకూ కనీసం గంట, వీలైతే రెండు గంటల ఎడం ఉంచి టీ తాగమనండి. ఐరన్ లోపం వల్ల వచ్చే రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ అసలు ఉండవలసిన దానికన్నా కాస్త ఎక్కువగా చూపిస్తుంది. పాత రక్తకణాలు ఎక్కువ కాలం తిరుగుతూ చక్కెరను పోగు చేసుకోవడం ఇందుకు ఒక కారణం. అంటే షుగర్ తగ్గుతుందని తాగే టీ, వేళ తప్పితే, ఐరన్‌ను అడ్డుకుని షుగర్ రిపోర్టునే తారుమారు చేయగలదు. మా ల్యాబులో హెచ్‌బీఏ1సీ ఒక మాట, ఇంటి మీటరు మరో మాట చెబుతున్నాయని వచ్చేవారికి మేము ముందుగా హిమోగ్లోబిన్ చూసుకున్నారా అని అడుగుతాం. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఉంది కాబట్టి, రక్తహీనతకు అది కూడా కారణమేమో చూడమని డాక్టరు గారిని అడగండి.

బీపీ మాత్ర పేరు మీరు రాయలేదు. నాడొలాల్ అనే మాత్రతో పాటు గ్రీన్ టీ తాగించి చూసిన ఒక చిన్న ప్రయోగంలో రక్తంలోకి చేరిన మందు 85 శాతం తగ్గిపోయింది. ఆ ఫలితం 2014లో వచ్చింది. అన్ని బీపీ మందులకూ ఇది వర్తించదు. అయినా పేరు చూపించి అడగడం మంచిది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారు టీ అలవాటు మార్చుకునే ముందు డాక్టరుకు చెప్పి తీరాలి. మాత్రలన్నీ మంచినీళ్లతోనే వేసుకోవాలి. పరగడుపు పరీక్ష రోజున రక్తం ఇచ్చేవరకు చక్కెర లేని గ్రీన్ టీ అయినా సరే, తాగకూడదు.


నడకదారి సమాధానం:

ఒక్క మాట కలుపుతాను. సాయంత్రం తర్వాత గ్రీన్ టీ వద్దు. కప్పుకు ముప్పై మిల్లీగ్రాముల చొప్పున కెఫీన్ ఉంటుంది, అందులో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నిద్ర చెడితే మరునాడు ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఇది నా మీటరులో చాలాసార్లు చూశాను.


ఉషోదయం:

మీ అందరి సమాధానాలు నిన్న రాత్రి అమ్మ గారికి మొదటి నుంచి చివరి వరకు చదివి వినిపించాను. నడకదారి గారి పేపరు సంగతి దగ్గర ఆపమని, మళ్లీ ఒకసారి చదవమని అడిగారు. తనకు కూడా ఈ మధ్య కళ్లు మసకలాగా ఉంటున్నాయని అప్పుడు బయటపెట్టారు. మాకు తెలియకుండా తొమ్మిది రోజులుగా రాత్రి పూట గ్లిమెపిరైడ్ వేసుకోవడం లేదట. వెంటనే మీటరుతో చూస్తే 264 వచ్చింది. నేను కోప్పడలేదు, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈ ఉదయం డాక్టరు గారికి ఫోను చేస్తే, తప్పిపోయిన మాత్రలకు బదులుగా ఎక్కువ వేయవద్దని, మామూలు మోతాదే మళ్లీ మొదలుపెట్టి రేపు తీసుకురమ్మని చెప్పారు. హిమోగ్లోబిన్, బీ12, లివర్, కిడ్నీ పరీక్షలు, కంటి పరీక్ష అన్నీ రాస్తామన్నారు. మాత్రల పట్టీలన్నింటితో పాటు ఆ క్యాప్సూళ్ల డబ్బా కూడా సంచీలో పెట్టాను. అందులోంచి ఆరు అప్పటికే వాడినట్టు లెక్క తేలింది, అది కూడా చీటీ మీద రాసి పెట్టాను. రిపోర్టులు వచ్చాక ఇక్కడే తెలియజేస్తాను.